బాబాయికి ద్వాదశి పారణ

ఇవాళ మంగళవారం. ఉదయం ఆరు గంటల యాభై నిమిషాలు. రాత్రి కురిసిన మంచుకు డాబా మీది గచ్చు ఇంకా తడిగానే ఉంది. ఆకాశంలో మబ్బు లేదు. ఈశాన్యపు గాలి ఉందీ లేనట్టు ఉంది. పెరటి గోడకు తగిలించిన ఉష్ణమాపకం పద్దెనిమిది డిగ్రీలు చూపిస్తోంది. సరిగ్గా ఆ సమయానికి మా పురోహితులవారి మనవడు ఫోన్ చేశాడు. తాతగారి వృత్తిని ఈ మధ్యనే చేపట్టిన కుర్రవాడు, మర్యాదస్థుడు.

"మీ బాబాయిగారి సంవత్సరీకం రెండు రోజులు జరిపేవారట గదండీ. ఏకాదశి ఒకటి, ద్వాదశి ఒకటి. ఒక మనిషికి ఒక తిథే ఉంటుంది గదా! ఏది ఖాయం చేయమంటారండీ?"

"రెండూ ఖాయమే" అన్నాను.

అతను "అలాగేనండి" అని పెట్టేశాడు. నమ్మినట్లు లేదు. ఆ కుర్రవాడికి, అతని ఈడువారికి తెలియవలసిన సంగతి గనుక నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను. తెలియనిది తెలియదనే రాస్తాను.

బాబాయి మా నాన్నకు ఒక్కగానొక్క తమ్ముడు. పట్టాళంలో చేరినప్పుడు సిపాయి, పోయినప్పుడూ సిపాయే. పతకాలు లేవు. లారీలకు సామాను ఎక్కించే దళంలో ఉండేవాడు. శిక్షణలో తప్ప తుపాకి పేల్చిన సందర్భం, ఆయన చెప్పినంతలో, ఒక్కటీ లేదు. యుద్ధం కథలు చెప్పమని మేము పట్టుబడితే, "నేను యుద్ధం చేసేవాళ్లకి బియ్యం మోసేవాణ్ణిరా. కావాలంటే బస్తా కథ చెప్తా" అనేవాడు. నిజంగానే చెప్పేవాడు. చిరుగు ఉన్న బస్తాను ఏ భుజం మీద వేసుకోవాలి, తడిసిన పప్పు బస్తా ఎంత బరువు పెరుగుతుంది వంటి సంగతులు నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అవి ఇప్పటికీ తప్పని లెక్కలు.

పట్టాళంలో చేరిన విధం కూడా అంత ఘనమైనది కాదు. అద్దంకికి పడమరగా, నల్లరేగడి మధ్య మా ఊరు. మిరపబస్తాల లారీ వెంట గుంటూరు వెళ్లినవాడు అక్కడ కుర్రాళ్ల వరస కనపడితే తానూ నిలబడ్డాడు. ఎత్తు కొలిచారు, ఛాతీ కొలిచారు, పళ్లు చూశారు. "కోడెదూడని కొనేవాడు కూడా అన్ని పళ్లు చూడడు" అని ఇంటికొచ్చి చెప్పాడట. నాయనమ్మ మాత్రం చివరిదాకా ఒక్కటే మాట మీద ఉంది: "వాడు బస్సు కోసమనుకుని నిలబడ్డాడు."

ఏటా ఫాల్గుణంలో సెలవు మీద వచ్చేవాడు. అప్పుడు ఊరి చుట్టూ కళ్లాలన్నీ ఎర్రగా ఉండేవి. కోసిన మిరపకాయలు ఆరబోసిన నేల అంతా ఎండలో మెరిసేది. ఆడవాళ్లు ముక్కులకు కొంగులు చుట్టుకుని, తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతూ తుమ్ముతూ మాట్లాడుకునేవారు. ఆ ఘాటులోకి బాబాయి నల్ల ఇనప్పెట్టె వచ్చేది. మూత తీయగానే కలరా ఉండల వాసన, బూటు పాలిష్ వాసన, వాటి అడుగున శక్కర్‌పారాల నేతి వాసన. గోధుమపిండిలో పంచదార కలిపి వేయించిన ఆ బిళ్లలు రాయిలా గట్టిగా ఉండేవి. వాటిని మేము నోట్లో వేసుకుని బడి గంట కొట్టేదాకా చప్పరించేవాళ్లం. మాస్టారు ఏదైనా అడిగితే ఎవరమూ నోరు విప్పే స్థితిలో ఉండేవాళ్లం కాదు.

ఒకసారి మా వీధి పిల్లలం పత్తికట్టె మంటలో గుప్పెడు ఎండుమిరపకాయలు పడేశాం. వీధంతా దగ్గులు. కర్రలు పట్టుకుని పెద్దవాళ్లు బయలుదేరారు. బాబాయి అందరికంటే ముందు వచ్చి, "గ్యాసు దాడి! తువ్వాలు తడుపుకోండి! నేల మీద పడుకోండి!" అని కేకలు పెట్టాడు. మేము పడుకున్నాం. కొట్టడానికి వచ్చినవాళ్లు ఆ వరస చూసి నవ్వు ఆపుకోలేకపోయారు. తాతయ్య మాత్రం, "ఏరా, పట్టాళంలో నీకు జీతమిచ్చి నేర్పేది ఇదేనా?" అన్నాడు. "ఇదీ నేర్పారు నాన్నా" అన్నాడు బాబాయి, కళ్లు తుడుచుకుంటూ.

ఆయనకు ప్రాణమంటే కొరివికారం. మా వైపు పండుమిరపకాయలు, అవి దొరకని కాలంలో నానబెట్టిన ఎండువి, చింతపండు, ఉప్పు రోట్లో వేసి దంచి జాడీకెత్తే పచ్చడిని అలా అంటాం. వేడన్నంలో నిమ్మకాయంత ముద్ద వేసి, నువ్వులనూనె పోసి కలిపి, కళ్లం గట్టు మీద కూర్చుని తినేవాడు. నుదుటి మీద చెమట, కళ్లలో నీళ్లు. "కన్నీళ్లు రాకపోతే అది కారమే కాదురా, కుంకుమ" అనేవాడు. సెలవు అయిపోయి వెళ్లేటప్పుడు నాయనమ్మ ఒక డబ్బాకు కొరివికారం పట్టి, మూతకు మైదా పూసి మూసేది. రైలు పెట్టెలో ఆ డబ్బాను బాబాయి తలకింద పెట్టుకునేవాడట.

నాకు పదేళ్లప్పుడు యుద్ధం వచ్చింది. పంచాయతీ రేడియో చుట్టూ సాయంత్రాలు జనం గుమిగూడేవారు. మార్గశిర మాసం, పత్తి తీతల రోజులు. చేలో ఉండగానే తంతి వచ్చింది. తాతయ్య దాన్ని విప్పించి చదివించుకుని, తేదీని మళ్లీ ఒకసారి చదవమన్నాడు. బాబాయికి గుండు తగల్లేదు. యుద్ధభూమికి వెనకనున్న ఆసుపత్రిలో పచ్చకామెర్లతో పోయాడు. దహనం అక్కడే జరిగింది. మాకు చేరింది ఇనప్పెట్టె మాత్రమే.

ఊళ్లో ఒకరిద్దరు, మా మీది అభిమానంతోనే, "గుండు తగిలి పోయాడని చెప్పుకుందాం పెద్దాయనా, పిల్లోడికి గౌరవంగా ఉంటది" అన్నారు. తాతయ్య ఒప్పుకోలేదు. "కామెర్లతో పోయాడు. అక్కడి నీళ్లు తాగితే వచ్చినై. ఆ నీళ్లు తాగమని పంపింది దేశం. ఇందులో దాచేదేముంది?" అన్నాడు. ఆ మాట నాకు అప్పుడే నచ్చింది.

నాయనమ్మ బాధ వేరు. మా పక్క ఊళ్లో కామెర్లకు నేలఉసిరి పసరు పోసే ముసలాయన ఉండేవాడు. బళ్లు కట్టుకుని జనం వచ్చేవారు. పసరు ఎంత ముఖ్యమో పథ్యమూ అంతే. ఉప్పు లేదు, నూనె లేదు, కారం మాట ఎత్తకూడదు. అది తెలిసినది గనుకనే ఆమె ఏడాది పొడుగునా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లతో ఒకటే మాట అనేది: "చప్పిడి తిని పోయుంటాడు నా కొడుకు. చప్పిడి నోటితో పోయుంటాడు."

అందుకే మొదటి సంవత్సరీకానికి ఆమె ఎప్పటినుంచో సిద్ధమవుతోంది. మా ఇళ్లలో పోయినవారికి ఇష్టమైనవే వండి పెట్టడం ఆచారం. ఒక పుంజును విడిగా మేపింది. ఆ వేసవి మిరపకాయల్లో ఘాటైనవి ఏరి మూట కట్టింది. గారెలకు మినుములు వేరే తీసిపెట్టింది. ఇక రోజు నిర్ణయించడమే మిగిలింది.

పురోహితులవారు, అంటే ఇవాళ ఫోన్ చేసిన కుర్రవాడి తాతగారు, పంచాంగం తిరగేసి ముఖం చిట్లించారు.

"తంతిలో ఉన్న తేదీ సరే. ఆ తెల్లవారుజామున నాలుగు గంటల దాకా ఏకాదశి ఉంది. తరవాత ద్వాదశి. అబ్బాయి పోయిన వేళ ఏది?"

తంతిలో వేళ లేదు.

"సర్కారు కాగితంలో తేదీ ఉంది గదా" అన్నాడు తాతయ్య. "ఆ తేదీకి ద్వాదశే అనుకుందాం."

"సర్కారుకు రోజు అర్ధరాత్రి మారుతుందండి. తిథి దాని ఇష్టం వచ్చినప్పుడు మారుతుంది. నాలుగుకు ముందు పోయి ఉంటే ఏకాదశి. ఏకాదశి నాడు అన్నమే వండకూడదు, ఇంక మీరనే పుంజు సంగతి నేను వినలేదు."

నాయనమ్మ ముఖం పాలిపోయింది. ద్వాదశి అనుకుంటే ఆమె వండదలుచుకున్నవన్నీ వండవచ్చు. తాతయ్య కూడా అదే అంటున్నాడు. సరే అంటే అయిపోయేది. కానీ ఆమె అనలేదు.

"వాడు వచ్చే రోజు ఒకటీ, మనం వండే రోజు ఒకటీ అయితే? గడప దాకా వచ్చి, పొయ్యి వెలగలేదని తిరిగి పోతాడు. ఆఖరి రోజులంతా చప్పిడి తిన్నాడు, ఇప్పుడు పస్తా? నిజంగా ఎప్పుడు పోయాడో తెలియాలి. ఎవర్నైనా అడగండి."

అడగడానికి ఒకే ఒక మనిషి ఉన్నాడు. పొదిలి దగ్గరి పల్లె నుంచి బాబాయితో పాటు అదే దళంలో పనిచేసిన సాయిబు. లారీ నుంచి పడి కాలు విరిగి, అదే ఆసుపత్రిలో, బాబాయి పక్క మంచం మీద ఉన్నవాడు. కాలు సరిగా అతుక్కోక పట్టాళం నుంచి పంపేస్తే ఇంటికి చేరాడు. బాబాయి పోయినప్పుడు రెండు వరసల కార్డు రాశాడు, అంతే. మళ్లీ రాయలేదు, రాలేదు.

నాన్న బయలుదేరాడు. బస్సు ఎక్కవచ్చన్న ఆశతో నేనూ పట్టుబట్టి వెంట వెళ్లాను. అద్దంకిలో ఒక బస్సు మారి, దర్శి మీదుగా పొదిలి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. మా నల్లరేగడి వెనకబడిపోయి ఎర్రనేలలు వచ్చాయి. సాయిబు కందిచేలో ఉన్నాడు. ఎడమకాలు ఈడుస్తూ కంది కోస్తున్నాడు. నాన్న ఎవరో చెప్పగానే కొడవలి పక్కన పెట్టేశాడు. నాన్న అడిగిన ప్రశ్న విన్నాడు.

"ఇక్కడ కాదన్నా. అమ్మ ముందరే చెప్తా. ఏడాదిగా రావాలనే అనుకుంటన్నా, కాలు పడలా."

"కాలికి అంత నొప్పిగా ఉందా?" అని నేను అడిగాను.

"ఆ కాలు కాదులే అబ్బాయ్" అన్నాడు. నాకు అర్థం కాలేదు. మరునాటి బస్సుకు మాతో వచ్చాడు.

మా వసారాలో తాతయ్య, నాయనమ్మ, నాన్న, పురోహితులవారు కూర్చున్నారు. నాయనమ్మ ముందు గ్లాసెడు మజ్జిగ ఇచ్చింది. సాయిబు దాన్ని చివరి చుక్క దాకా తాగి, గ్లాసు బోర్లించి పెట్టాడు.

"ఎన్నింటికి పోయాడు నాయనా?" అని అడిగాడు తాతయ్య.

"ఆస్పత్రి గేటు దగ్గర గంటగంటకీ గంట కొట్టేవాళ్లు పెద్దాయనా. మూడు కొట్టినప్పుడు నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. నాలుగు కొట్టేసరికి దుప్పటి కప్పేశారు."

"అయితే ఏకాదశే" అన్నారు పురోహితులవారు. గొంతులో సంతోషం దాచుకోలేదు. "ఏకాదశి మరణం, ద్వాదశి దహనం. రుషులు కోరుకున్నా దొరకదమ్మా!"

"రుషులకి కారం అక్కర్లేదు గదయ్యా" అంది నాయనమ్మ. "మా వాడికి కావాలి."

ఆమె సాయిబు వైపు తిరిగింది.

"ఏం పెట్టేవాళ్లు నాయనా వాడికి?"

"గంజి అమ్మా. ఉడకబెట్టిన దుంప. గ్లూకోజు నీళ్లు. ఉప్పు గల్లు కూడా ఉండేది కాదు. రోజూ నన్ను తిట్టేవాడు. 'ఒరేయ్ పొదిలోడా, మా ఊళ్లో గొడ్లకి పెట్టే కుడితి ఇంతకంటే రుచిగా ఉంటదిరా' అనేవాడు."

నాన్న నవ్వాడు. నాయనమ్మ నవ్వలేదు. "అట్టాగే పోయాడన్నమాట" అంది.

సాయిబు తల దించుకున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుని, దాని అంచు మడతపెడుతూ విప్పుతూ కాసేపు కూర్చున్నాడు.

"లేదమ్మా. అది చెప్దామనే వచ్చా. మీరిచ్చిన డబ్బా వాడి పెట్టెలోనే ఉంది. అడుగున కొద్దిగా మిగిలుంది. ఆ సాయంత్రం ఒకటే అడగటం. 'ఒక్క ముద్దరా, నోరు చచ్చిపోయిందిరా' అని. డాక్టరు చూస్తే చంపేస్తాడన్నా. 'ఎటూ పోయేవాణ్ణేగా' అన్నాడు. మనసాగలేదమ్మా. వేలుతో తీసి నాలిక మీద పెట్టా. తెల్లారేసరికి మనిషి లేడు." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఆ కారమే చంపిందేమోనని అప్పటినుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. మీ గడప తొక్కటానికి మొహం చెల్లలేదు."

ముందుగా మాట్లాడింది తాతయ్య. ఆయన గొంతు ఎప్పటిలాగే ఉంది.

"డాక్టరు ఏమన్నాడు? ఎప్పుడన్నాడు?"

"రెండ్రోజుల ముందే చెప్పేశాడు పెద్దాయనా. లివరు పూర్తిగా పోయింది, ఇంక ఆశ లేదన్నాడు."

"రెండ్రోజుల ముందు చెప్పినదానికి, ఆ సాయంత్రం పెట్టిన కారం కారణం ఎట్లా అవుతుందయ్యా? ముందు జరిగింది ముందు, వెనక జరిగింది వెనక. ఆ పాటి తేదీలు చూసుకోకుండా ఏడాది ఏడ్చావా?"

నాయనమ్మ ఇవేమీ వింటున్నట్టు లేదు. ముందుకు వంగి సాయిబు మోచేయి పట్టుకుంది.

"పెట్టావా? నిజంగా పెట్టావా? ఎంత పెట్టావు?"

"ఉసిరికాయంత అమ్మా."

"అంతేనా! పిసినారి సచ్చినోడా, డబ్బాలో ఉన్నది ఎవరికోసం దాచావు?" ఆమె తిడుతోంది, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. "తిని ఏమన్నాడు? చెప్పు, ఏమన్నాడు?"

"చెబితే ఏమనుకోవద్దమ్మా. చాలాసేపు చప్పరించి, కళ్లు మూసుకుని, 'ఈసారి అమ్మ చింతపండు ఎక్కువేసిందిరా' అన్నాడు."

నాయనమ్మ ఒక్కసారిగా నవ్వింది. అప్పటిదాకా, ఆ ఏడాదిలో, ఆమె నవ్వడం నేను చూడలేదు.

"అవున్నాయనా! ఆ ఏడు పులుపు ఎక్కువే పడింది. దంచేటప్పుడే తెలిసింది. ఎవరితోనూ అనలా. నా నోటికి తప్ప ఇంకెవరి నోటికీ తెలియలా." కొంగుతో ముఖం తుడుచుకుని అందరి వైపూ చూసింది. "వాడి నోరు చచ్చిపోలేదయ్యా. నా చేతి తప్పు పట్టుకున్నాడంటే నా కొడుకు రుచి తెలిసే పోయాడు. చప్పిడి నోటితో పోలేదు."

తరువాత ఆమె పురోహితులవారిని అడిగింది. "అయ్యా, ఏకాదశి నాడు మనుషులు ఏం చేస్తారు?"

"ఉపవాసం ఉంటారమ్మా."

"ద్వాదశి నాడు?"

"పొద్దున్నే స్నానం చేసి పారణ చేస్తారు. అంటే ఉపవాసం విడిచి భోంచేస్తారు."

"మరింకేం? ఏకాదశి నాడు వచ్చి వాడు ఒక్కపొద్దు ఉంటాడు. మంచినీళ్లు, పండు పెడతా. ద్వాదశి నాడు కడుపునిండా తిని పోతాడు."

పురోహితులవారు పంచాంగం మూశారు. "శాస్త్రంలో ఇలా ఎక్కడా లేదమ్మా."

"కూడదని ఉందా?"

ఆయన తొందరపడి మాట ఇచ్చే మనిషి కాదు. "కూడదనీ లేదు" అన్నారు చివరికి. "అయితే ఆ పుంజు సంగతి మాత్రం నాకు తెలియదు."

"సర్కారు తేదీ కూడా నిలబడింది" అన్నాడు తాతయ్య, తృప్తిగా.

ఏకాదశి నాడు బాబాయి ఫొటో ముందు దీపం, మంచినీళ్లు, రెండు అరటిపళ్లు, బెల్లంముక్క పెట్టారు. ఇంట్లో పొయ్యి వెలగలేదు. బాబాయితో పాటు నేనూ ఉపవాసమని ప్రకటించాను. మధ్యాహ్నానికి పక్క చేలో పచ్చి కందికాయలు ఒలుచుకు తింటూ దొరికిపోయాను. నాయనమ్మ కోప్పడలేదు. "కాయలు ఉపవాసానికి పనికొస్తయిలే" అంది.

ద్వాదశి నాడు చీకటి విచ్చగానే పొయ్యిలు వెలిగాయి. పుంజును సాయిబు చేత కోయించింది నాయనమ్మ. "నువ్వు తినకుండా వాడు తినడు. నీ పద్ధతిలో నువ్వే కోసిపెట్టు నాయనా" అంది. అతను గొణుగుతున్నట్లు అల్లా పేరు తలుచుకుని ఆ పని చేశాడు. గారెలు నూనెలో పొంగుతున్న వాసన, కోడికూరలో పడిన కొత్త మసాలా వాసన, రోట్లో కొరివికారం నలుగుతున్న ఘాటు వీధి చివరిదాకా వెళ్లాయి. చింతపండు ఎంత వేయాలో చూడమని నాయనమ్మ సాయిబును పిలిచింది. అతను వేలితో నాకి, చాలన్నట్టు తల ఊపాడు. పత్తి తీతలకు వెళ్లేవాళ్లను కూడా దారిలో ఆపి కూర్చోబెట్టింది. ఫొటో ముందు వేసిన విస్తరిలో కారం వడ్డించమని సాయిబుకే చెప్పింది. అతను గరిటెతో కాక, వేళ్లతోనే పెట్టాడు.

ఆ రాత్రి మా వసారాలో సాయిబు పొద్దెక్కేదాకా నిద్రపోయాడు. మజ్జిగ చిలికే చప్పుడుకు కూడా మెలకువ రాలేదు. ఎవరూ లేపవద్దని తాతయ్య వాకిట్లో కూర్చుని కాపలా కాశాడు. తరువాత సాయిబు తాను బతికినన్నాళ్లూ ఏటా వచ్చేవాడు. సాయిబు పోయాక ఆయన కొడుకు కొన్నాళ్లు వచ్చాడు. ఇప్పుడు మిరపకాయలు కళ్లంలో అంతకాలం ఉండవు. కోతలవగానే శీతల గిడ్డంగులకు వెళ్లిపోతున్నాయి. ఆ ఘాటు ఎలా ఉండేదో మా మనవలకు చెప్పడానికి నాకు మాటలు చాలవు. ఆ రెండు రోజులు మాత్రం ఏ ఏడూ తప్పలేదు.

పెద్ద యుద్ధంలో ఒక చిన్న సిపాయి జబ్బుతో పోయాడు. చరిత్రలో ఆయన లెక్క ఎక్కడ కలిపారో, అసలు కలిపారో లేదో నాకు తెలియదు. మా ఇంట్లో ఆ మొదటి ద్వాదశి నాటి లెక్క మాత్రం నేనే దగ్గరుండి చూశాను. వేసిన విస్తళ్లు నలభై మూడు. కూర్చుని తిన్నవారు నలభై ఇద్దరు.